ఇరవై టిక్కీలు అరవై ఎందుకయ్యాయి?

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్టులో ఏడాదిగా పనిచేస్తున్నాను. నాకు 25 ఏళ్ళు. సరుకు కొనే ఢిల్లీ, ఇండోర్, కోల్‌కతా పార్టీలతో ఫోన్లన్నీ నేనే మాట్లాడతాను. నా గొంతు సన్నం. ఫోనెత్తగానే "ఓనరు గారికి ఇవ్వమ్మా" అంటారు. గట్టిగా మాట్లాడితే "అరుస్తావేంటి" అంటారు. పోయిన నెలలో నేను ఇరవై టిక్కీలు (మిర్చి బస్తాలు) అంటే పార్టీ అరవై అని రాసుకున్నాడు, మాట నామీదికి వచ్చింది. సాయంత్రానికి గొంతు బొంగురుపోతోంది. గొంతు మార్చుకునే దారి ఏమైనా ఉందా? ఇంకో చిన్న సందేహం: ఫోనెత్తగానే హలో అనాలా, నమస్తే అనాలా?
ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం:

గొంతు మార్చుకునే పని పెట్టుకోకండి. సన్నగొంతుతో కోట్ల వ్యాపారం నడిపేవాళ్ళున్నారు. మీ ఉత్తరం చూస్తే అంకె తప్పు వినపడటం, మాటకు బరువు లేకపోవడం, గొంతు అలిసిపోవడం దేనికది వేరు ఇబ్బంది. అన్నిటికీ మీరు వేస్తున్న మందు మాత్రం ఒకటే, గట్టిగా మాట్లాడటం. అంకె విషయంలో అది పనిచేయదు. మిగతా రెండూ దానివల్లే ముదురుతున్నాయి.

ఎందుకు పనిచేయదో ముందు చూద్దాం. పాత పద్ధతి ఫోన్ లైను 300 నుంచి 3,400 హెర్ట్‌జ్ మధ్య ఉన్న ధ్వనిని మాత్రమే మోస్తుంది. స, ఫ పలికేటప్పుడు వచ్చే గాలి చప్పుడులో పెద్ద భాగం అంతకంటే పైనే ఉంటుంది. అందుకే ఫోన్లో ఈ అక్షరాలు ఒకదానికొకటి కలిసిపోతాయి. 4జీ వోల్టీ కాల్ రెండువైపులా సరిగ్గా కుదిరితే 7,000 హెర్ట్‌జ్ దాకా వెళుతుంది. అవతల ల్యాండ్‌లైనో, సిగ్నల్ సరిగా లేని పల్లెటూరి గోడౌనో అయితే మళ్ళీ ఆ ఇరుకు దారే గతి. మీరెంత అరిచినా కత్తిరించిన ముక్క తిరిగి రాదు. పైగా అరిచినప్పుడు పెరిగేవి అచ్చులు. హల్లులు ఆ మేరకు పెరగవు. అవతలివాళ్ళకు "ఆ ఈ ఓ" అనే మోత ఎక్కువై, మాటను మాటగా నిలబెట్టే హల్లు దాని కింద మునిగిపోతుంది. "అరుస్తావేంటి" అన్నవాళ్ళు మర్యాద తప్పి అన్నది కాకపోవచ్చు, నిజంగానే వాళ్ళకు మోతే వినపడి ఉంటుంది.

ఇక మీ ఇరవై టిక్కీల సంగతి. మన తెలుగు అంకెలను ఒకసారి చెవితో చూడండి. ఇరవై, అరవై: తేడా అంతా మొదటి అచ్చులోనే ఉంది, తర్వాత అంతా ఒకటే. మూడు, ఏడు కూడా మొదట్లోనే వేరు, తోక ఒకటే. ఎనిమిది, తొమ్మిది అంతే. ఏభై, ఎనభై కూడా తొందరలో ఒకటైపోతాయి, కాబట్టి మీరు ఎప్పుడూ "యాభై" అనే అనండి. అంటే తెలుగు అంకెకు ప్రాణం తలలో ఉంది. ఫోన్‌కేమో ఆ తలనే మింగే అలవాటుంది. మీరు మౌనంగా ఉన్నంతసేపూ మొబైల్ దాదాపు ఏమీ పంపదు. మాట మొదలైందని పసిగట్టాక పంపడం మొదలుపెడుతుంది. ఆ సందులో తొలి అక్షరం అంచు తెగిపోవచ్చు. "ఎన్ని టిక్కీలమ్మా?" అని అడిగితే మీరు ఒక్కసారిగా "ఇరవై" అన్నారనుకోండి, వాళ్ళ చెవిదాకా చేరేది "...రవై". మిగతాది వాళ్ళ మనసు పూరించుకుంటుంది, ఎక్కువ సరుకు కావాలనుకునేవాడికి అరవై అనే తోస్తుంది.

కాబట్టి అంకెతో వాక్యం మొదలుపెట్టకండి. ముందు ఒక బలి మాట వేయండి. "టిక్కీలు అండీ... ఇరవై. రెండు, సున్నా." మొదటి మాట దారి తెరుస్తుంది, అంకె తలతో సహా వెళుతుంది, వెనకే విడి అంకెలు సాక్ష్యం చెబుతాయి. ఇరవైని అరవైగా వినొచ్చు గానీ "రెండు, సున్నా"ను "ఆరు, సున్నా"గా వినడం కష్టం. అంకె తర్వాత ఆగండి. వాళ్ళు తిరిగి చెప్పేదాకా తర్వాతి విషయంలోకి వెళ్ళకండి. "విన్నారా?" అని అడిగితే అందరూ "ఆఁ" అనేస్తారు. "ఒకసారి మీ దగ్గర రాసుకున్నది చదువుతారా?" అనండి, తప్పుంటే అక్కడే దొరుకుతుంది.

క్రియ దగ్గరికి వచ్చేసరికి కథ తిరగబడుతుంది. చేస్తాం, చేయం, చేయలేం, పంపుతాం, పంపం. మన భాషలో అవునో కాదో తేలేది వాక్యం చిట్టచివర. సరిగ్గా అక్కడే మనకు ఊపిరి అయిపోతుంది, గొంతు జారిపోతుంది. "ఈ వర్షాలకి సోమవారం లోపు లారీ లోడ్ చేసి పంపలే..." అని చివరి అక్షరం నోట్లోనే ఉండిపోతే, ఢిల్లీవాడు సోమవారం లారీ కోసం ఎదురుచూస్తాడు. మీ గొంతులో మీరు దిద్దుకోవలసింది ఒకే ఒక్కటి ఎంచుకోమంటే మేము దీన్నే ఎంచుకుంటాం: వాక్యం చివరి మాట దాకా ఊపిరి మిగలాలి. అందుకు పెద్ద ఊపిరి పీల్చక్కర్లేదు. వాక్యాన్ని చిన్నది చేస్తే చాలు. "సోమవారం లోడింగు కుదరదండి. వర్షం. బుధవారం పంపుతాం." మూడు ముక్కలు, మూడు ఊపిరులు. కుదరదు అన్న మాట ముందే వచ్చేసింది, ఎక్కడా నోట్లో ఉండిపోలేదు. స్థాయి దిగవచ్చు, దిగాలి కూడా. బలం మాత్రం తగ్గకూడదు. ఈ రెండింటికీ తేడా తెలియాలంటే "పంపుతాం" అన్న మాటను చెయ్యి పొట్ట మీద పెట్టుకుని పలకండి. "తాం" దగ్గర కూడా పొట్ట కొంచెం లోపలికి నొక్కుకుంటుంటే ఊపిరి ఇంకా పనిచేస్తున్నట్టు.

ఇందాక "ఆఁ" గురించి అన్నాం కదా, మీవైపు నుంచి కూడా అది ప్రమాదమే. పార్టీ రేటు చెబుతుంటే మనం వింటున్నామని తెలియడానికి "ఆఁ, ఆఁ" అంటాం. ముఖం కనపడదు కాబట్టి అవతలివాడికి అది ఒప్పుకోలు. "పదిహేడు వేలకి వేసుకోమంటే ఆఁ అన్నారుగా" అనే తగాదాలన్నీ ఇలా పుట్టినవే. రేటు మాట వచ్చినప్పుడు "ఆఁ", "సరే", "అలాగే" మూడూ నోటికి రానివ్వకండి. "వింటున్నానండి", "రాసుకుంటున్నానండి" అనండి. ఒప్పుకున్నప్పుడే "ఈ రేటుకి ఖాయం చేస్తున్నానండి" అని నిండు వాక్యం చెప్పండి.

మిర్చి రకం పేర్ల దగ్గర ఇంకో గుంట ఉంది. 334, 341 అని ఇంగ్లీషులో గబగబా అంటే "త్రీ థర్టీ ఫోర్", "త్రీ ఫార్టీ వన్". థర్టీ, ఫార్టీ ఫోన్లో కవల పిల్లలు. "మూడు మూడు నాలుగు", "మూడు నాలుగు ఒకటి" అనండి. ఇంగ్లీషులో ఫిఫ్టీన్–ఫిఫ్టీ, సిక్స్‌టీన్–సిక్స్‌టీ కూడా ఇంతే. ఫైవ్, నైన్ తికమక ఎంత పాతదంటే విమానాల రేడియోలో తొమ్మిదిని "నైనర్" అని పలకడం నియమంగా పెట్టుకున్నారు. ఇండోర్, ఢిల్లీ పార్టీలతో హిందీలో అయితే సత్రా అంటే పదిహేడు, సత్తర్ అంటే డెబ్భై. ఉన్నీస్ పంతొమ్మిది, ఉన్‌తీస్ ఇరవై తొమ్మిది. "సాఢే సత్రా హజార్" అని వాళ్ళంటే మీరు వెంటనే "ఏక్, సాత్, పాంచ్, జీరో, జీరో" అని విప్పి చెప్పండి. డేఢ్ సౌ నూట యాభై, ఢాయీ సౌ రెండు వందల యాభై. ఇవి చెవికి అలవాటయ్యేదాకా చీటీ మీద రాసి టేబుల్ అద్దం కింద పెట్టుకోండి, అందులో నామోషీ ఏమీ లేదు.

రేటు చెప్పే వరస ప్రతిసారీ ఒకటే ఉంచండి: రకం, నాణ్యత, ఎన్ని టిక్కీలు, రేటు, ఆ రేటు దేనికి, ఎప్పుడు లోడింగు. "తేజ. మీడియం బెస్ట్. టిక్కీలు ఇరవై, రెండు సున్నా. రేటు పదిహేడు వేల ఐదు వందలు, ఒకటి ఏడు ఐదు సున్నా సున్నా. క్వింటాలుకి. లోడింగు బుధవారం." అంకెలు ఉదాహరణకే. "క్వింటాలుకి" అన్న మాటను వదలకండి. బయటి పార్టీలు కొందరు కిలో లెక్కన మాట్లాడతారు, వాళ్ళ నూట డెబ్భై ఐదు, మీ పదిహేడున్నర వేలు ఒకటేనని ఇద్దరికీ తెలియాలి. వరస మారకపోతే మధ్యలో ఒక మాట గరగరలో పోయినా ఏది పోయిందో వాళ్ళకు తెలుస్తుంది, అదొక్కటే అడుగుతారు.

లారీ నంబరు, జీఎస్టీ నంబరు చెప్పేటప్పుడు అక్షరాలే తంటా. బీ, సీ, డీ, ఈ, జీ, పీ, టీ, వీ అన్నీ ఒకే "ఈ" తోక పట్టుకుని వస్తాయి. సరుకు రవాణాకు తీసే ఈ-వే బిల్లులో లారీ నంబరు ఒక్క అక్షరం తప్పినా దారిలో బండి ఆగొచ్చు, దిద్దించేదాకా డ్రైవరు మీకే ఫోన్ చేస్తుంటాడు. మనవాళ్ళతో అయితే మన ఊళ్ళే వాడండి: బీ బాపట్ల, ఈ ఏలూరు, జీ గుంటూరు, పీ పొన్నూరు, టీ తెనాలి, వీ విజయవాడ, ఎం మంగళగిరి, ఎన్ నెల్లూరు, ఎస్ సత్తెనపల్లి. ఉత్తరాది పార్టీలకు ఏలూరు, పొన్నూరు తెలియవు, అక్కడ బీ బాంబే, డీ ఢిల్లీ, పీ పట్నా, ఎన్ నాగ్‌పూర్, ఎస్ సూరత్. సున్నాను "ఓ" అనకండి, ఓ అక్షరం కూడా ఉంది. "డబుల్", "ట్రిపుల్" మానేయండి. పదంకెల ఫోన్ నంబరు ఐదు చెప్పి ఆగి, వాళ్ళు అన్నాక మిగతా ఐదు.

ఇప్పుడు "ఓనరు గారికి ఇవ్వమ్మా" దగ్గరికి వద్దాం. ఇది మీకు ఎంత చురుక్కుమంటుందో ఊహించగలం. ఆ మాట అనిపిస్తున్నది గొంతు సన్నదనం కంటే వాక్యం చివరి రాగం. బెరుకుగా ఉన్నప్పుడు మామూలు వాక్యం కూడా ప్రశ్నలా పైకి లేస్తుంది: "తేజ పదిహేడున్నరండీ?" అన్నట్టు. విన్నవాడికి ఈ అమ్మాయి ఎవరినో అడిగి చెబుతోంది అనిపిస్తుంది. చెప్పే వాక్యం చివర కిందికి దిగాలి, అడిగే వాక్యం మాత్రమే పైకి లేవాలి. "రేట్లు, లోడింగు నేనే చూస్తానండి. చెప్పండి." రెండూ దిగి ఆగాలి. ఆ తర్వాత మీరు నిశ్శబ్దంగా ఉండాలి. సంజాయిషీగా ఇంకో మాట కలిపితే ఆ రెండు వాక్యాల బరువు పోతుంది.

కావాలని మగగొంతులా కిందికి నొక్కి మాట్లాడకండి. స్వరపేటిక త్వరగా అలిసిపోతుంది, గొంతు గరగరలాడుతుంది. మీ సహజ స్థాయి ఎక్కడుందో తెలుసుకోవడానికి మన ఇళ్ళల్లోనే మంచి కొలత ఉంది. ఎవరైనా కథ చెబుతుంటే నిమ్మళంగా ఊ కొడతాం చూడండి, "ఊఁ" అని, ఆ స్థాయే మీది. ఫోన్ ఎత్తే ముందు నోరు మూసుకుని ఒకసారి ఆ ఊ కొట్టండి. పెదాల దగ్గర, ముక్కు పక్కన సన్నగా అదురు తెలియాలి. ఆ అదురు పోకముందే "నమస్తే అండి" అనండి. బెరుకులో పైకెక్కే గొంతు అక్కడే ఆగుతుంది.

ఇద్దరూ ఒకేసారి మాట్లాడేయడం కూడా మర్యాద సమస్య కాదు, చాలావరకు ఆలస్యం సమస్య. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటితే మాటల వంతులు తప్పడం మొదలవుతుంది, మొబైల్ నుంచి మొబైల్‌కి అంతకు మించడం మామూలే. మాట ముగించి ఒక్క లెక్క ఆగండి. అడ్డుపడితే "మీరు చెప్పండి" అని నిజంగానే ఆగిపోండి.

బాకీ అడిగేటప్పుడు ఈ ఆగడమే మీ బలం. "పోయిన బిల్లు రెండు లక్షల పదివేలు ఉందండి. ఏ తేదీకి వేస్తారు?" అని మౌనంగా ఉండండి. మూడు సెకన్లు ఫోన్లో యుగంలా ఉంటుంది, భరించండి. మనం తట్టుకోలేక "పర్లేదులెండి, వీలు చూసుకుని..." అన్నామా, అయిపోయింది. కోపంగా ఉన్నవాడితో మాట్లాడేటప్పుడు వాడి వేగం అందుకోకండి, "కూల్ అవ్వండి" అసలే అనకండి. వాడి ఫిర్యాదునే వాడి మాటల్లో, మీ నెమ్మదితో తిరిగి చెప్పండి: "నాలుగు టిక్కీల్లో తాలు వచ్చిందంటున్నారు. రాసుకున్నానండి." తన మాట చేరిందని తెలిశాక చాలామంది గొంతు తగ్గిస్తారు.

ఫోన్ పట్టుకునే తీరు చూడండి. మైకు ఫోన్ అడుగు అంచున ఉంటుంది. అది పెదాలకు ఎదురుగా కాక నోటి మూలకు పక్కగా, మూడు నాలుగు సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. ఎదురుగా ఉంటే ప, బ, ఫ పలికిన ప్రతిసారీ గాలి దెబ్బ. చప్పుడు తగ్గించడానికి చాలా ఫోన్లకు పైఅంచున ఇంకో మైకు ఉంటుంది, చేత్తోనో పౌచ్‌తోనో దాన్ని మూసేస్తే యార్డు రొద అంతా అవతలికి వెళుతుంది. చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించి రాయడం మానండి. మెడ వంగితే గొంతు చుట్టూ కండరాలు బిగుస్తాయి. ఇయర్‌ఫోన్ వాడితే వైరు మైకు చున్నీకి రాసుకోకుండా చూసుకోండి. టేబుల్ ఫ్యాన్ గాలి మైకు మీద పడకూడదు. రేకుల షెడ్డులో, ఖాళీ గోడౌన్లో మాట గింగిర్లు తిరుగుతుంది. నిండు టిక్కీల వరస పక్కన నిలబడితే గోనె ఆ మోతను పీల్చుకుంటుంది. వ్యాపారం మాట్లాడేటప్పుడు స్పీకర్ ఫోన్ వద్దు. ఒకరు మాట్లాడుతుంటే రెండోవాళ్ళ మాటను అది అణిచేస్తుంది.

సాయంత్రం బొంగురుకు అరుపులతో పాటు మిర్చి దుమ్ము కూడా కారణం. ఘాటు గొంతును గీరితే దగ్గు, దగ్గాక ఖంగుఖంగుమని సవరించుకోవడం, ఆ సవరింపుతో స్వరతంత్రులు ఒకదానికొకటి కొట్టుకుని ఇంకాస్త వాపు. సవరించుకోబోయే ప్రతిసారీ ఒక గుక్క నీళ్ళు మింగండి. బాటిల్ ఫోన్ పక్కనే ఉండాలి. కళ్ళం దగ్గరికో, మచ్చు చూసే చోటికో వెళితే ముక్కుకు మాస్కు కట్టుకోండి, అక్కడ నిలబడి కాల్ ఎత్తకండి. "రెండు నిమిషాల్లో చేస్తానండి" అని బయటికి రండి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సరుకు ముమ్మరంగా వచ్చే రోజుల్లో గంటకోసారి ఐదు నిమిషాలు పూర్తిగా మౌనం. గుసగుస కూడా వద్దు, బొంగురుపోయిన గొంతుకు బలవంతపు గుసగుస శ్రమే. మధ్యాహ్నం ఒకసారి, ఇంటికెళ్ళాక ఒకసారి గ్లాసు నీళ్ళలో స్ట్రా రెండు మూడు సెంటీమీటర్లు ముంచి, బుడగలు వస్తుండగా "ఊ" అని రెండు నిమిషాలు స్వరం తీయండి. బిగుసుకున్న గొంతు సడలుతుంది. రాత్రి కారం దట్టించి తిని వెంటనే పడుకుంటే పుల్లటి త్రేన్పులతో ఆమ్లం పైకొచ్చి తెల్లారేసరికి గొంతు బండగా ఉంటుంది. తిండికీ పడకకూ మధ్య మూడు గంటలు ఉంచండి. ఇంత చేసినా బొంగురు మూడు వారాలు దాటితే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి, గుంటూరు జీజీహెచ్‌లో (ప్రభుత్వ పెద్దాసుపత్రి) ఆ విభాగం ఉంది. కషాయాలతో నెలలు గడపకండి.

ఇవన్నీ కుదురుతున్నాయో లేదో తేల్చుకోవడానికి ఒక పరీక్ష. మీ కొట్టులోనే ఒకరిని పక్క గదిలో కూర్చోబెట్టి మామూలు కాల్ చేయండి. ఇరవై రేట్లు, పది లారీ నంబర్లు ముందే కాగితం మీద రాసుకుని మీ మామూలు వేగంతో ఒక్కసారే చదవండి, వాళ్ళు రాయాలి. తర్వాత రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టండి. తప్పులు అన్నిచోట్లా ఉండవు, రెండు మూడు అంకెల దగ్గరే కుప్పపడి ఉంటాయి. మీవి ఏవో తెలిసిపోయాక వాటినే వారం రోజులు, రోజుకు పది నిమిషాలు. గొంతు ఎంత బాగున్నా బేరం కుదిరిన ఐదు నిమిషాల్లోపు రకం నుంచి లోడింగు దాకా అవే ఆరు వివరాలు, అదే వరసలో వాట్సాప్‌లో పంపండి, "ఓకే" రాయించుకోండి. ఆ ఇరవై టిక్కీల రోజు ఈ మెసేజ్ ఒక్కటి ఉన్నా మాట మీమీదికి వచ్చేది కాదు.

హలోనా, నమస్తేనా అన్నారు. నమస్తే అండి. కాల్ కలిసిన తొలి క్షణంలో మాట తెగిపోవచ్చు కదా, "నమస్తే"లో సగం పోయినా నష్టం లేదు. తర్వాత కొట్టు పేరు, ఆ తర్వాత మీ పేరు, చివర "చెప్పండి". కొట్టు పేరుతో మొదలుపెడితే దాని తలే తెగి, "ఎవరు? ఎవరు?" అని అడిగించుకోవడంతో కాల్ మొదలవుతుంది.